బ్లాక్ ఫంగస్, కాండిడా ఆరిస్: దేనికి ఎవరు జాగ్రత్తపడాలి?

2021 మేలో బ్లాక్ ఫంగస్ పేరు వింటేనే టెన్షన్. హైదరాబాద్‌లో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి రోగులతో నిండిపోయింది. ఈ ఫంగస్ బీజాలు మట్టిలో, గాలిలో ఎప్పుడూ ఉండేవే. అదుపు తప్పిన షుగర్‌కు స్టెరాయిడ్లు తోడైతే ముక్కు, సైనస్‌ల నుంచి కంటికి, మెదడుకు పాకుతుంది. ముక్కులో నల్లటి పొక్కు, ఒకవైపు ముఖం వాపు, బుగ్గ తిమ్మిరి, ఒకటి రెండుగా కనబడటం... ఇవి ఉంటే ఒక్కరోజు కూడా ఆగకూడదు. ఫంగస్‌ను చంపే యాంఫోటెరిసిన్ మందు ఇస్తూనే చచ్చిన కణజాలాన్ని కోసి తీసేయాలి. అయితే మనిషి నుంచి మనిషికి అంటదు.

కాండిడా ఆరిస్ అంటుతుంది. 2009లో జపాన్ పరిశోధకులు తొలిసారి వర్ణించిన ఈ ఫంగస్ ఐసీయూ మంచం కమ్మీల మీద, బీపీ పట్టీ మీద వారాల తరబడి బతుకుతుంది. సెంట్రల్ లైన్ (పెద్ద రక్తనాళంలోకి వేసే గొట్టం) దారిన రక్తంలో చేరుతుంది. జ్వరం తప్ప ప్రత్యేకమైన గుర్తు ఉండకపోవచ్చు. మామూలుగా వాడే ఫంగస్ మందు ఫ్లూకొనజోల్ చాలావరకు పనిచేయదు, ఎకినోకాండిన్ మందులతో మొదలుపెడతారు.

2022లో డబ్ల్యూహెచ్‌ఓ ప్రమాదకర ఫంగస్‌ల జాబితాలో ఆరిస్‌ను అత్యంత కీలక వర్గంలో, బ్లాక్ ఫంగస్‌కు కారణమయ్యే మ్యూకరేల్స్ ఫంగస్‌లను దాని తర్వాతి వర్గంలో పెట్టింది. నా దృష్టిలో మాత్రం ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లు ముందు జాగ్రత్తపడాల్సింది బ్లాక్ ఫంగస్‌కే. ఆరిస్ భారం ఆసుపత్రిదే: చేతుల శుభ్రత, క్లోరిన్‌తో తుడవడం, సోకిన రోగిని వేరుగా ఉంచడం.