భూమధ్యరేఖ దాటే వేడుక: క్రూయిజ్‌లోనా, సరుకు ఓడలోనా?

ఓడలో మొదటిసారి భూమధ్యరేఖ దాటేవాళ్లని నావికులు తోకకప్పలంటారు. సముద్రరాజు నెప్ట్యూన్ దర్బారులో తలవంచితేనే ‘షెల్‌బ్యాక్’ హోదా.

క్రూయిజ్‌లో ఇదంతా సరదా తంతు. స్విమ్మింగ్ పూల్ పక్కన పెట్టుడు గడ్డంతో నెప్ట్యూన్, చేపకో ముద్దు, వీపు మీద గరిటెడు ఐసునీళ్లు, చేతిలో సర్టిఫికెట్. ఇష్టం లేకపోతే ఫొటోలు తీసుకుంటూ కూర్చోవచ్చు.

సరుకు ఓడలో అంత తేలిగ్గా వదలరు. మిగిలిపోయిన కూరలు, నూనె, గ్రీజు కలిపి ఒంటికి పూస్తారు. జుట్టు అడ్డదిడ్డంగా కత్తిరిస్తారు. ఆపైన హోస్ పైపుతో సముద్రపు నీళ్లు! నీళ్లు సరే, గ్రీజు ఓ పట్టాన వదలదు. 1832 ఫిబ్రవరిలో బీగిల్ ఓడ మీద డార్విన్‌కే తప్పలేదు: ముఖానికి తారు, రంగు పులిమి, గరుకు ఇనప పట్టీతో గీకి, నీళ్లలో పడేశారు.

నా ఓటు మాత్రం సరుకు ఓడకే. నెలల తరబడి కలిసి పనిచేసేవాళ్లు ఆ ఒక్క పూట ఆఫీసర్నీ వంటవాణ్నీ ఒకే బురదలో ముంచుతారు. క్రూయిజ్‌లో పక్కవాడి పేరే తెలియదు. అలాగని ర్యాగింగ్‌ని భరించక్కర్లేదు. చర్మానికి పడనివి ఉంటే ముందురోజే చెప్పేయండి. సర్టిఫికెట్ జాగ్రత్త. అది లేకపోతే తర్వాతి ఓడలో మళ్లీ తోకకప్పే.