పాత ఆక్టేవియా ఆర్‌ఎస్: టర్బో లాగుడూ, ఓ చిన్న రబ్బరు గొట్టమూ

రెండో గేరులో రెండు వేల ఆర్‌పీఎం దాటగానే ఈ బండి ముందుకు లాగే తీరు ఉంది చూడండి, దాని కోసమే ఇన్నేళ్లయినా అమ్మబుద్ధి కాలేదు. 2005 మోడల్ స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్, 1.8 లీటర్ల టర్బో పెట్రోల్, అంటే బయటికి పోయే పొగ ఊపుతో తిరిగే ఫ్యాను ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే రకం. 150 హార్స్‌పవర్ అంటే ఇప్పటి కుర్రాళ్లకి పెద్ద లెక్క కాదు. అసలు సంగతి టార్క్, అంటే చక్రాలని తిప్పే బలం. 210 న్యూటన్ మీటర్లూ 1,750 ఆర్‌పీఎం దగ్గరే అందుతాయి. విజయనగరం నుంచి శృంగవరపుకోట మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే మలుపు మలుపుకీ గేరు దించక్కర్లేదు. కాలు వేస్తే చాలు, ఓ చిన్న ఈల, వెంటనే వీపు సీటుకి అంటుకుపోతుంది.

సీట్లు, డిక్కీ, మైలేజీ గురించి అందరికీ తెలిసిందే, వదిలేస్తున్నాను.

కొన్న కొత్తలోనే టైమింగ్ బెల్టు, వాటర్ పంపు మార్పించి, సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) విప్పించి ఆయిల్ జల్లెడ కడిగించాను. ఈ ఇంజిన్‌కి అది తప్పనిసరి. ఆయిల్ మడ్డి కట్టి జల్లెడ మూసుకుపోతే ముందు పోయేది టర్బోనే, ఎందుకంటే నిమిషానికి లక్షకు పైగా తిరిగే దాని షాఫ్ట్‌కి ఆధారం ఆ ఆయిల్ పొరే.

ఇవన్నీ చేయించాక కూడా ఓ వానాకాలం ఘాట్ మధ్యలో బండి లాగడం మానేసింది. చెక్ ఇంజిన్ లైటు వెలిగింది, వెనక నల్లపొగ, లారీలు కూడా దాటుకుపోతున్నాయి. ఆపితే ఐడ్లింగ్‌లో (కాలు వేయకుండా ఇంజిన్ తిరుగుతున్నప్పుడు) వణుకు. ఇంట్లోవాళ్లు వెనక సీట్లో ఉన్నారు, టెన్షన్‌తో చేతులు చల్లబడ్డాయి. ఎలాగో దింపుకొచ్చి ఓ పెద్ద గ్యారేజీలో చూపిస్తే టర్బో పోయింది, మొత్తం మార్చాలన్నారు. వాళ్లు చెప్పిన మొత్తానికి మంచి సెకండ్ హ్యాండ్ కారు వచ్చేస్తుంది. టర్బో విప్పి చూశారా అంటే, చూడనక్కర్లేదన్నారు. ఆ మాట నాకిప్పటికీ మింగుడుపడదు.

మా ఊళ్లో నాకు తెలిసిన మెకానిక్ ఇన్‌టేక్‌లోకి, అంటే ఇంజిన్‌కి గాలి వెళ్లే దారిలోకి పొగ ఎక్కించి, ఎక్కడ లీకుందో చూసే స్మోక్ టెస్ట్ చేశాడు. కాసేపటికి మానిఫోల్డ్ (గాలిని సిలిండర్లకి పంచే భాగం) కింద నుంచి సన్నగా పొగ లేచింది. "టర్బోకి ఏటీ అవనేదు బాబూ, గొట్టం పగిలిపోనాది" అన్నాడు. క్రాంక్‌కేస్ (ఇంజిన్ కింది భాగం) గాలి పోయే దారిలో, గాలిని ఒకే వైపుకి వదిలే చెక్ వాల్వ్‌కి ముందుండే బొటనవేలంత రబ్బరు ముక్క. ఏళ్ల తరబడి వేడికి ఎండి చీలింది. ఐడ్లింగ్‌లో ఆ చీలిక నుంచి లెక్కలో లేని గాలి లోపలికి వచ్చేది, అందుకే వణుకు. బూస్ట్ (టర్బో ఒత్తిడి) ఎక్కినప్పుడు సెన్సర్ లెక్కపెట్టిన గాలే బయటికి పోయేది. పెట్రోల్ మాత్రం ఆ లెక్క ప్రకారమే పడేది, అందుకే నల్లపొగ. ఆ గొట్టంతో పాటు చెక్ వాల్వూ, ఆ చుట్టుపక్కల వ్యాక్యూమ్ గొట్టాలన్నీ మార్చాం. టర్బో ఖర్చులో అదో మూల కూడా కాదు. మర్నాడు ఘాట్ ఎక్కితే, కొన్నప్పటి నుంచీ ఆ బండి అంత బాగా లాగింది అదే మొదటిసారి.

ఈసీయూ రీమ్యాప్, అంటే ఇంజిన్ కంప్యూటర్‌లో సెట్టింగులు మార్చడం, ఆ తర్వాతే చేయించాను. మొదట్లో అందరికీ గొప్పగా చెప్పాను. ఇప్పుడడిగితే, నిజమైన తేడా చూపించింది గొట్టాలే అంటాను. టర్బో చిన్నది కాబట్టి అయిదు వేలు దాటాక ఊపు తగ్గుతుంది, మ్యాప్ మార్చినా అంతే. పైగా పెరిగిన టార్క్‌కి పాత క్లచ్ మూడో గేరులో జారడం మొదలుపెట్టింది. వాన రోడ్డు మీద ముందు చక్రాలు గిర్రున తిరుగుతాయి.

ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20, అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. దాని 95 ఆక్టేన్ (ఒత్తిడికి ముందే అంటుకోకుండా తట్టుకునే స్థాయి) టర్బోకి పనికొచ్చేదే కానీ, ఇథనాల్ పాత రబ్బరుని తినేస్తుంది. ఫ్యూయల్ గొట్టాలు కూడా దాన్ని తట్టుకునేవి వేయించాను.

కొనమంటానా అంటే, నాకు రోజువారీకి వేరే బండి ఉంది, మంచి మెకానిక్ దగ్గర్లోనే ఉన్నాడు, సామాను వచ్చేదాకా వారాల తరబడి ఆగినా నాకు ఇబ్బంది లేదు. పదిహేనేళ్లు దాటింది కాబట్టి అయిదేళ్లకోసారి ఆర్‌సీ రెన్యువల్ పని కూడా ఉంటుంది. ఇంట్లో ఉన్న ఒక్క బండీ ఇదే అవుతుందంటే మాత్రం వద్దంటాను. కొనేటట్టయితే బేరం కుదరకముందే స్మోక్ టెస్ట్ చేయించండి. అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే ఇంకో బండి చూసుకోండి.