మా ఊరి బడి మధ్యాహ్న భోజనం: అన్నం బాగుంది, పప్పు చిక్కబడాలి

నల్గొండ జిల్లా మర్రిగూడ మండలంలోని మా ఊరి ప్రభుత్వ బడిలో పెట్టే మధ్యాహ్న భోజనాన్ని ఒక విద్యార్థి తండ్రిగా ఈ ఏడాది దగ్గరుండి గమనించాను, పలుమార్లు పిల్లల పక్కనే కూర్చొని తిన్నాను. పిల్లల ఆకలిని నిజంగా తీరుస్తున్న భోజనమే ఇది, అందులో సందేహం లేదు. అయితే పప్పు విషయంలో లోటు ఉంది, ఆ లోటును చిన్నదిగా చూడలేము.

అన్నానికి వంక పెట్టడానికి ఏమీ లేదు. 2015 జనవరి నుంచి రాష్ట్రంలోని బడులకు సన్నబియ్యం వస్తోంది. ఇక్కడ దానిని శుభ్రంగా ఏరి, మెత్తగా వండి, మారు అడిగిన పిల్లలకు కాదనకుండా వడ్డిస్తున్నారు.

పప్పు దగ్గరే చిక్కంతా ఉంది. నిబంధనల ప్రకారం ప్రాథమిక తరగతుల పిల్లలకు రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు అందాలి. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు ఉండాలి. ఈ బడిలో చిన్న తరగతులకు ముందుగా వడ్డిస్తారు, అది సరైన పద్ధతే. కానీ పెద్ద పిల్లల వంతు వచ్చేసరికి గిన్నెలో పప్పు చారులా పలచబడుతోంది, అంటే ఎక్కువ పప్పు అందవలసిన వారికే తక్కువ అందుతోంది. ఇందుకు వంటమ్మలను తప్పుపట్టడం అన్యాయం. బియ్యం ప్రభుత్వం నుంచి వస్తుంది గాని పప్పు, నూనె, కూరగాయలు వారే ముందుగా కొని, తరువాత బిల్లు పెట్టుకోవాలి. బిల్లు ఆలస్యమైన నెలల్లో కిరాణా కొట్టులో అప్పు పెరిగిపోతుంది, ఆ భారమే గరిటెలో కనిపిస్తుంది.

ఈ భోజనంలో అన్నిటికంటే నమ్మదగినది గుడ్డు. పప్పులో నీళ్లు పోయవచ్చు, గుడ్డులో పోయలేరు. ప్రతి బిడ్డకు ఒకటి చేతికి వచ్చిందో లేదో దూరం నుంచి చూసినా తెలుస్తుంది. పత్తి ఏరే కాలంలో తల్లిదండ్రులు తెల్లవారకముందే చేలకు వెళ్లిపోతే, ఏమీ తినకుండా బడికి వచ్చే పిల్లలు మా ఊళ్లో చాలామంది ఉన్నారు. ఉదయం ఇక్కడ అల్పాహారం లేదు కనుక వారికి ఆ రోజు మొదటి ముద్ద ఇదే.

మా ప్రాంతంలో నీటి సంగతి కూడా చూడక తప్పదు. బోరు, బావి నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల వంకరపోయిన కాళ్లను తరాలుగా చూసిన మండలం ఇది. నీళ్లను మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరైన కొద్దీ దాని గాఢత పెరుగుతుంది. ఈ వంటగదిలో ప్రభుత్వ తాగునీటి పథకమైన మిషన్ భగీరథ నల్లా నీళ్లతో వండుతున్నారు, అది మెచ్చుకోవలసిన విషయం. నల్లా రాని రోజు మాత్రం బోరు నీళ్లు వాడడం చూశాను, నిల్వకు ఒక ట్యాంకు ఉంటే ఆ అవసరం రాదు. చింతపండు పులుసుతో చేసే సాంబారును ఇక్కడ మానకూడదు. చింతపండు తిన్న బాలుర మూత్రంలో ఫ్లోరైడ్ విసర్జన పెరిగినట్లు హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 2002లో ప్రచురించారు. కాల్షియం, మాంసకృత్తులు తక్కువైన శరీరానికే ఫ్లోరైడ్ ఎక్కువ హాని చేస్తుంది కనుక ఆకుకూర పప్పు, గుడ్డు ఇతర జిల్లాల పిల్లల కంటే మా పిల్లలకు ఎక్కువ అవసరం.

వడ్డనకు ముందు ఉపాధ్యాయులు రుచి చూడాలన్న నిబంధన ఇక్కడ అమలవుతోంది, కానీ ఆ రుచి అప్పుడే దించిన గిన్నెలోది. వరుస చివరి పళ్లెంలోది కూడా చూడాలని, పెద్ద తరగతులకు పప్పును మొదటే వేరే గిన్నెలోకి తీసి ఉంచాలని బడి సమావేశంలో కోరాను. పెద్ద సారు రెండింటికీ ఒప్పుకున్నారు. వేరే గిన్నె కొనడానికి తల్లిదండ్రులం డబ్బు పోగుచేస్తున్నాము.