మూడేళ్ల టెంపరేచర్ గన్: వేడి చెప్తుంది, పట్టు చెప్పదు

హన్మకొండలో మాది చిన్న బైక్ షెడ్డు. డ్రాగ్ రేసుల్లో, అంటే ఆగిన చోటి నుంచి తిన్నగా దూసుకెళ్లే పందాల్లో, ట్రాక్ వేడి చూసుకోవడానికి, తాకకుండానే వేడి కొలిచే ఈ గన్ కొని మూడేళ్లు దాటింది. కొత్తలో షెడ్డుకు వచ్చిన ప్రతి ఒక్కరినీ కొనమన్నాను. ఇప్పుడూ అంటాను, కాకపోతే ఈ సంగతి చెప్పాకే.

పోయినేడాది చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌కు వెళ్లాం. మధ్యాహ్నం ఏసీ కారు దిగిన వెంటనే స్టార్టింగ్ లైన్ దగ్గర గన్ కొట్టాను. 43 డిగ్రీలు. తారు ఇంకా మెత్తబడలేదని నమ్మి, ఆర్‌పీఎం బాగా పెంచి క్లచ్ వదిలాను. వెనక టైరు ఉన్నచోటే గిర్రున తిరిగింది. మొదటి 60 అడుగుల్లోనే రేసు చేజారింది. రెండు నెలలు కూర్చుని చేసుకున్న ఇంజిన్ అది, ఏడుపొక్కటే తక్కువ.

తర్వాత చూస్తే లెన్స్ మీద సన్నటి తడి పొర. ఏసీలో చల్లబడ్డ లెన్స్ అక్కడి ఉక్క గాలికి చెమర్చింది. గన్ చూసింది ట్రాక్‌ను ఒక్కదాన్నే కాదు, ఆ తడిని కూడా. తుడిచి, అరగంట నీడలో ఉంచి కొడితే అదే చోట 56! మన వరంగల్ మే ఎండల్లో గాలి పొడిగా ఉంటుంది కదా, అందుకే ఇంటి దగ్గర ఈ లోపం ఎన్నడూ బయటపడలేదు.

రెండో సంగతి ధర్మసాగర్ దగ్గర మా బావమరిది రైస్ మిల్లులో తెలిసింది. వడ్లు ఆరబోసే సిమెంటు కళ్లంలో ఊడ్చిన చోటా, తవుడు దుమ్ము పడ్డ చోటా గన్ 47 డిగ్రీలే చూపించింది. పాత టైరు ముక్క మీద 10 కిలోల ఇసుక సంచి పెట్టి స్ప్రింగ్ కాటాతో లాగాను. ఊడ్చిన చోట ముల్లు 8 కిలోలు చూపించాక గానీ కదల్లేదు. తవుడు మీద 5 దగ్గరే సర్రున జారింది.

"వేడి ఒక్కతీరుగనే ఉంది గదా బావా, టైరు పట్టెట్ల మారింది?" అన్నాడు వాడు. ఆ ప్రశ్నే నన్ను మార్చింది. ఇప్పుడు ప్రాక్టీసుకు ముందే రెండు లేన్లలోనూ కాటాతో లాగి చూస్తాను. పొద్దుటికీ మధ్యాహ్నానికీ వేడి ఎంత మారిందో చూడటానికి మాత్రం గన్నే వాడతాను, ఆ పనిలో దానికి వంక పెట్టలేను.

నాలా రోడ్డు టైర్లతో దిగేవాళ్లకు ఈ గన్, కాటా రెండూ చాలనిపిస్తోంది. గాళ్లు లేని నున్నటి స్లిక్ టైర్లతో, జిగురు కొట్టిన ట్రాక్ మీద పరుగెత్తేవాళ్ల లెక్క వేరేలా ఉండొచ్చు. అలాంటి ట్రాక్ మీద నేనింకా కాటా లాగలేదు.