ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్, విండోస్ 11: వాడేవాడి లెక్క వేరు, వాటాదారు లెక్క వేరు

విండోస్‌తో విసిగినవాళ్లంతా మ్యాక్‌కు వస్తారు, ఆపిల్ షేరు పెరుగుతుంది అన్న మాట పాత విండోస్ విస్టా రోజుల నుంచీ వినిపిస్తూనే ఉంది. రెండు మెషీన్లూ పక్కపక్కన పెట్టుకుని ఏళ్లుగా వాడుతున్నాను కాబట్టి చెబుతున్నా: విసుగు నిజమే, షేరు మాటే తేడా.

విండోస్ 11 ల్యాప్‌టాప్ మూత మూసి సంచిలో పెడితే, తీసేసరికి వేడిగా ఉంటుంది, ఛార్జింగ్ దిగిపోయి ఉంటుంది. దీనికి ఎక్కువగా కారణం మోడర్న్ స్టాండ్‌బై అనే కొత్త రకం నిద్ర. పాత ఎస్3 నిద్రలో ర్యామ్‌కు తప్ప దాదాపు దేనికీ కరెంటు అందేది కాదు. మోడర్న్ స్టాండ్‌బైలో మాత్రం మూత మూసినా వెనకాల పనులు నడుస్తుంటాయి. కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ ఏ (powercfg /a) కొట్టి చూడండి. ఎస్0 అని వస్తే మీది మోడర్న్ స్టాండ్‌బైయే; కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి మూత మూసినప్పుడు హైబర్నేట్ అయ్యేలా, అంటే పనంతా డిస్కులో దాచి పూర్తిగా ఆగిపోయేలా పెట్టుకోవాలి. ఆ ఎంపిక కనబడకపోతే అడ్మిన్‌గా పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ హెచ్ ఆన్ (powercfg /h on) కొట్టండి. లేవడం కాస్త ఆలస్యమవుతుంది, అంతే. అప్‌డేట్ల కోసం తనంతట తాను రీస్టార్ట్ కాకూడని వేళలను, అంటే యాక్టివ్ అవర్స్‌ను, 18 గంటల దాకా పెట్టుకోవచ్చు. మిగతా 6 గంటల్లో సేవ్ చేయని ఫైలు తెరిచి ఉంటే దాని ఖర్మ.

ఆపిల్ సొంత చిప్ ఎం1 ఉన్న ఎయిర్‌లో ఈ గోల లేదు. ఫ్యాన్ లేదు, మూత తీయగానే సిద్ధం. అయితే 8 జీబీ మోడల్‌లో బ్రౌజర్ ట్యాబులు పెరిగేకొద్దీ యాక్టివిటీ మానిటర్‌లో మెమరీ ప్రెజర్ పసుపులోకి వెళ్తుంది, అంటే ర్యామ్ ఇరుకవుతోందన్నమాట. ర్యామ్ చిప్‌తో కలిసే వస్తుంది కాబట్టి తర్వాత పెంచుకునే దారి లేదు. 2024 అక్టోబర్ నుంచి ఎయిర్‌లో కనీసం 16 జీబీ ఇస్తున్నారు, సెకండ్‌హ్యాండ్‌లో 8 జీబీది చవగ్గా దొరికినా తొందరపడొద్దు. ఎం1 ఎయిర్‌కు బయటి మానిటర్ ఒక్కటే పడుతుంది. విండోస్ పద్ధతిలో (ఎన్‌టీఎఫ్‌ఎస్) ఫార్మాట్ చేసిన డిస్కును చదువుతుంది గానీ అందులో రాయదు. డేటా వేరేచోట దాచుకుని రెండింటిలోనూ పనిచేసే ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేయడమే మార్గం.

మనవాళ్లకు అసలు అడ్డంకి లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ, డీటీపీ సెంటర్లు వాడే తెలుగు అను ఫాంట్లు. రెండూ విండోస్ సరుకే. మ్యాక్‌లో నేరుగా విండోస్ వేసుకునే బూట్ క్యాంప్ ఎం1లో లేదు. మ్యాక్ లోపలే మరో కంప్యూటర్‌లా పనిచేసే వర్చువల్ మెషీన్‌లో, ఇలాంటి చిప్‌ల కోసం చేసిన ఏఆర్ఎం విండోస్ నడపాలంటే 8 జీబీ చాలదు. పని ట్యాలీ, అను ఫాంట్ల మీదే ఉన్నవాళ్లు మ్యాక్ జోలికి పోకపోవడమే మేలు.

ఇక మదుపు సంగతి. 2024 ఆర్థిక సంవత్సరంలో ఆపిల్ ఆదాయం 391 బిలియన్ డాలర్లు. అందులో ఐఫోన్ వాటా 201 బిలియన్లు, యాప్ స్టోర్ లాంటి సర్వీసులు 96, మ్యాక్ దాదాపు 30. మ్యాక్ అమ్మకాలు ఒక్కసారిగా 20 శాతం పెరిగినా మొత్తం మీద కదిలేది ఒకటిన్నర శాతం. పైగా స్థూల మార్జిన్ (అమ్మకాల్లో నేరు ఖర్చులు పోగా మిగిలేది) సర్వీసుల్లో 74 శాతం దాకా ఉంటే, వస్తువులన్నీ కలిపి 37. అంతకుముందు ఏడాది మ్యాక్ ఆదాయం 40 నుంచి 29 బిలియన్లకు పడిపోయింది. షేరు మాత్రం అదే కాలంలో పెరిగింది! మూత తీయగానే లేచే ల్యాప్‌టాప్‌ను చూసి షేరు కొనేవాళ్లు ఈ ఒక్క అంకె చూస్తే చాలు. విండోస్ మీద కోపంతో మైక్రోసాఫ్ట్ షేర్లు అమ్మేవాళ్లదీ ఇదే పొరపాటు, ఆ కంపెనీకి డబ్బు ప్రధానంగా వచ్చేది ఆఫీస్, క్లౌడ్ నుంచి.