మూడు రోజుల కచ్ కారు ప్యాకేజీ: డ్రైవరుకు మంచి మార్కులే, కాలం పంచిన తీరుకు మాత్రం కాదు

గత డిసెంబరులో మేం నలుగురం భుజ్‌లోని ఒక ట్రావెల్ సంస్థ వద్ద మూడు రోజుల కచ్ ప్యాకేజీ తీసుకున్నాం. కారు, డ్రైవరు, తెల్ల రణ్ అనే ఉప్పు మైదానం దగ్గర గుడారంలో ఒక రాత్రి, పల్లెలోని భుంగా అనే గుండ్రని మట్టి ఇంట్లో మరో రాత్రి అందులో భాగం; పగటి భోజనాలు, ప్రవేశ రుసుములు మనమే పెట్టుకోవాలి. 45,674 చదరపు కిలోమీటర్లతో దేశంలోకెల్లా పెద్ద జిల్లా అయిన కచ్‌లో చూడదగ్గ చోట్లు ఒకదానికొకటి చాలా దూరం కనుక కారు మాట్లాడుకోవడం సరైన పనే. నా అభ్యంతరమంతా ఆ మూడు రోజులను సంస్థవారు పంచిన తీరు మీదనే.

ముందు డ్రైవరు గురించి చెప్పాలి. ఇంట్లో కచ్చీ, మాతో హిందీ మాట్లాడే ఆయన మా ఆవిడను మొదటి పూట నుంచే ‘బెన్’ (సోదరి) అని పిలిచారు. రణ్‌లోకి అనుమతి కోసం గుర్తింపు కార్డుల జిరాక్సులు ముందురోజే తీసుకున్నందువల్ల చెక్‌పోస్టు వద్ద మాకు ఆట్టే ఆలస్యం కాలేదు. భిరండియారాలో గేదె పాల మావా (కోవా) తినిపించి, అక్కడి బన్నీ గడ్డిమైదానపు గేదెలు రాత్రంతా బీడులో మేసి తెల్లవారేసరికి కాపరి తోడు లేకుండానే ఇల్లు చేరతాయని చెప్పిందీ ఆయనే.

వానాకాలంలో నిలిచిన నీరు ఆవిరై ఉప్పు మిగిలిన ఆ తెల్లని నేల, పొద్దు గుంకే వేళ చూసి తీరవలసినదే. అందుకు రెండు గంటలు చాలు. మిగిలిన సాయంత్రం, రాత్రి, మరునాటి ఉదయం సగం గుడారానికే పోయాయి. అక్కడ వేడినీళ్లు రాలేదు, లౌడ్‌స్పీకర్ పాటలు పదకొండు దాటినా ఆగలేదు. మొత్తం ఖర్చులో పెద్ద వాటా ఈ గుడారానిదే.

రెండో రోజు ఖావడా మీదుగా, రెండు వైపులా ఉప్పు మెరిసే దారిలో ధోలావీరాకు చేరాం. 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన ఈ హరప్పా నగరానికి మాకు దొరికింది గంటన్నర. రెండు వాగుల నీటిని మళ్లించి, రాతిని తొలిచి నింపుకున్న జలాశయాల మెట్ల మీద నిలబడితే అంత ఎడారిలో ఊరు ఎలా బతికిందో అర్థమవుతుంది, కానీ అలా నిలబడేందుకు తీరిక ఉండాలి కదా. ఆ రాత్రి బస మాత్రం హాయిగా గడిచింది. మందపాటి మట్టి గోడ, శంకువు లాంటి గడ్డికప్పు, లోపల అద్దాలు పొదిగిన మట్టి పనితనం: 2001 జనవరి 26 నాటి భూకంపానికి సిమెంటు మేడలు కూలినచోట ఇలాంటి గుండ్రని ఇళ్లు చాలా నిలిచాయంటే, అందులో పడుకున్నాక నమ్మబుద్ధి వేసింది.

మూడో రోజు ఒక్క పూటలో చేతిపనుల ఊళ్లు నిరోణా, అజరఖ్‌పూర్ రెండూ ముగించాలన్నారు. నిరోణాలో పశువుల మెడ గంటలు చేసే ఒక పెద్దాయన ఇనుప రేకును అతుకు లేకుండా మడిచి, రాగి పొడి పూసి, మట్టితో కప్పి, కొలిమిలో కాల్చి తీశాక అసలు పని మొదలుపెట్టారు. గంట అంచు మీద చిన్న సుత్తితో ఒక దెబ్బ, చెవి ఒగ్గి వినడం, కాస్త పక్కన మరో దెబ్బ. మాకు ఒకేలా వినిపించిన మోతలో ఆయనకు ఏదో లోటు తోచి మళ్లీ కొట్టారు. ఏ గంట మోత ఏ పశువుదో కాపరికి చీకట్లో కూడా తెలియాలి, అందుకే ఆ శ్రద్ధ. అదే ఊళ్లో ఆముదం కాచి చిక్కబరిచిన రంగును ఇనుప పుల్లతో సాగదీస్తూ బట్ట మీద గీసే రోగన్ పని చూస్తుండగానే బయలుదేరమని సంస్థ నుంచి ఫోను వచ్చింది.

అజరఖ్‌పూర్ అనేది, 2001 భూకంపం తర్వాత ధమడ్కా అనే ఊరి నుంచి తరలివచ్చిన ఖత్రీలు, అంటే బట్టల అద్దకం పనివారు, కట్టుకున్న ఊరు. కరక్కాయ, నీలిమందు, మంజిష్ఠ, పటికలతో పదిహేను దశల దాకా సాగే వారి అజరఖ్ అచ్చుల అద్దకం చూస్తుంటే మన పెడన కలంకారీ గుర్తుకొచ్చింది. ఇక్కడ ఇరవై నిమిషాలే ఇచ్చిన సంస్థ, పట్టికలో లేని ఒక రోడ్డుపక్క దుకాణానికి గంటంపావు కేటాయించింది. చేతి కుట్టు అని చెప్పి అమ్మజూపిన బట్టను మా ఆవిడ తిరగేసి చూసింది: వెనకవైపు దారం ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకే కొలతలో, మిషన్ కుట్టులా ఉంది. డ్రైవరు తల వంచుకున్నారు. అక్కడ ఆపడం ఆయన నిర్ణయం కాదని మాకు తెలుసు.

మళ్లీ వెళితే ఇదే డ్రైవరును అడిగి, గుడారం తీసేయించి, నిరోణాకు ఒక పూర్తి పగలు పెట్టించుకుంటాను. అలా మార్చుకోవచ్చా అని చివరి రోజు సంస్థను అడిగితే మార్చుకోవచ్చన్నారు, గుడారం డబ్బు మాత్రం తగ్గదట.