బెండింగ్ మెషిన్‌కి లేజర్ కన్ను: ఎవరికి గిట్టుతుంది?

భీమవరంలో మాది చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు. రొయ్యల ప్లాంట్లకి ట్రేలు, టేబుళ్లు చేస్తాం. ఎక్కువగా ఒకటిన్నర ఎంఎం 304 రకం స్టెయిన్‌లెస్ షీటు. ఈ షీటుతో పెద్ద చిక్కు, 90 డిగ్రీలకి వంచితే, పైనుంచి నొక్కే పంచ్ పైకి లేవగానే రెండు మూడు డిగ్రీలు విచ్చుకుంటుంది. పోనీ 88 దాకా నొక్కుదామంటే, తర్వాతి లాట్‌లో షీటు మందం వెంట్రుకవాసి మారినా పంచ్ అంతే లోతు దిగి కోణం ఇంకోలా వస్తుంది. ట్రే మూలలో సందు మిగులుతుంది. దాన్ని వెల్డింగుతో పూడ్చి గ్రైండింగ్ పట్టేసరికి కూలీ గిట్టదు.

అందుకే ఈ లేజర్ సెట్ పెట్టించాను. పంచ్ కింద షీటు ఆనే గాడి దిమ్మ, అదే డై, దానికి ముందొకటి, వెనకొకటి. వంగుతున్న షీటు మీద సన్నటి గీత పడుతుంది, కెమెరా దాన్ని చూసి కోణం లెక్కగడుతుంది. పంచ్ కాస్త ముందే ఆగి, కొంచెం లేచి, షీటు ఎంత విచ్చుకుందో చూసుకుని, మళ్లీ ఆ మేరకు దిగుతుంది. కొత్త లాట్‌లో మొదటి ట్రేయే మూలమట్టానికి అతికినట్టు కూర్చుంది. "ఇంక దీన్ని ఇంటికి పట్టుకుపోమంటారాండీ?" అన్నాడు మా ఆపరేటర్ మూలమట్టం చూపిస్తూ.

వద్దన్నాను. 12 ఎంఎం వెడల్పు వి గాడి ఉన్న డైలో 10 ఎంఎం అంచు వంగుతుంది గానీ, గీత పడటానికి అక్కడ చోటు చాలదు. అద్దంలా మెరిసే షీటైతే వెలుగు కెమెరాకి సరిగ్గా అందక రీడింగ్ గెంతులేస్తుంది. ప్రతి వంపుకీ ఆగి చూసుకుంటుంది కాబట్టి పని నిదానం. మేమైతే లాట్ మారినప్పుడు, పొడుగు టేబుళ్లకి ఆన్ చేస్తాం, ఇనప బ్రాకెట్లకి ఆపేస్తాం.

లెన్స్ మీద గ్రైండింగ్ దుమ్ము పేరుకుంటే తప్పుడు డిగ్రీ చూపిస్తుంది. గ్రైండర్‌ని షెడ్డు ఆ చివరికి మార్చాక ఆ గొడవ తగ్గింది. సర్వీసు మాత్రం నాసి. రీడింగ్ నిలిచిపోయిందని ఫోన్ చేస్తే "రేపొస్తామండి" అన్నారు, ఆ రేపు రావడానికి వారం పట్టింది. అంతదాకా మూలమట్టమే దిక్కు.

ధర తక్కువేం కాదు. స్టెయిన్‌లెస్ పని ఎక్కువున్నవాళ్లకి స్క్రాప్ తగ్గడంలోనే ఆ ఖర్చు తిరిగొచ్చేస్తుంది. గేట్లు, గ్రిల్స్ చేసుకునేవాళ్లకి దండగ. కొనేముందు డెమోకి మీ సొంత షీటు ముక్కలే పట్టుకెళ్లండి, మెరిసేదొకటి, పొట్టి అంచుదొకటి. వాళ్ల షీటు మీద అన్నీ బాగానే వంగుతాయి.